కలిపేసిన సీసా

అసలీ కాగితం గ్లాసులు కనిపెట్టిన మహానుభావుడికి పిల్లలుండి ఉండరు, ఉంటే అడుగు ఇంత సన్నంగా, మూతి అంత వెడల్పుగా చేసేవాడు కాదు, మోచెయ్యి తగలనక్కర్లేదు, పక్కవాడు గట్టిగా నవ్వినా పడిపోతాయి, అందుకే ఆవిడ ముప్పావు గ్లాసుకి మించి పోయదు, కూల్‌డ్రింకు సీసా వంచి గ్లాసు అంచు లోపలి నుంచి జారుస్తుంది, నురగ లేవదు, పదకొండేళ్లుగా ఇదే పని, ఎవరి పిల్లల పుట్టినరోజైనా ఇదే హాలు, ఇవే బెలూన్లు, మారేది కేకు మీద పేరొక్కటే, ఈ మధ్యాహ్నం ఇరవైరెండు మంది పిల్లలు, ఇరవైరెండు గొంతులూ ఒకేసారి పైకప్పు లేపేస్తున్నాయి, వాటిలో ఒక్కటి మాత్రం ఆవిడ చెవికి విడిగా తెలుస్తోంది, గువ్వ గొంతు, తమ్ముడి కూతురు, ఎనిమిదేళ్లది, బళ్లో పిలిచే పేరు ఇంకేదో ఉంది కానీ పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో పట్టేంతే ఉంటే ఆవిడే గువ్వ అంది, అదే నిలిచిపోయింది, గువ్వ ఇలాంటి చోటికి తల్లి తోడు లేకుండా రావడం ఇదే మొదటిసారి, ఎందుకంటే గువ్వకి షుగర్, పెద్దవాళ్లకి వచ్చే రకం కాదు, పసివాళ్లని పట్టుకునే రకం, రోజుకి నాలుగు సూదులు, తినే ప్రతి ముద్దకీ ఒక లెక్క, ఎవరి పుట్టినరోజుకి పిలిచినా మరదలు వెంట వెళ్లి కుర్చీ వెనకాలే నిలబడేది, జైలు వార్డరులా ఉన్నావే అని తమ్ముడు ఆటపట్టించేవాడు, గువ్వ మాత్రం నవ్వేది కాదు, క్రితం వారం కంచం ముందు నుంచి లేచిపోయి అమ్మ వస్తే నేను వెళ్లను అంది, అప్పుడు ఆవిడే కల్పించుకుంది, ఆ పార్టీ మా హాల్లోనేగా, నేనుంటానుగా, దాన్ని నాకొదిలెయ్ అమ్మాయ్, నా కళ్లముందే ఉంటుంది, మరదలు చాలాసేపు గిన్నెలు సర్దుతూ ఉండిపోయి చివరికి సరే వదినా, మీరున్నారనే పంపుతున్నా అంది, ఆ మాట ఆవిడ వారమంతా పిప్పరమెంటులా చప్పరిస్తూనే ఉంది, తనకంటూ పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో తన దారి తను చూసుకున్నాడు, ఉన్నదల్లా ఒక గది, ఆదివారం పూట తల్లి చెయ్యి పట్టుకుని ఆ గదికి వచ్చి గంటసేపు కూర్చుని వెళ్లిపోయే గువ్వ, ఈ ఒక్క పూట సవ్యంగా గడిస్తే ఆదివారాలు గువ్వని ఒక్కదాన్నే పంపుతాను వదినా అని మరదలు తనంతట తనే అంది, ఒక్కదాన్నే అంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, మంచం మీద ఎగరొచ్చు, పాత చీరలన్నీ కిందికి లాగి ఒంటికి చుట్టుకోవచ్చు, ఎవరూ గడియారం చూడరు.

ముందు డ్రింకు, తర్వాతే తిండి, ఇది ఓనరు పెట్టిన పద్ధతి, పిల్లలు రాగానే రెండేసి గ్లాసులు పట్టించెయ్యండమ్మా, పొట్టలో గ్యాసు నిండితే ప్లేటు జోలికి రారు, వచ్చినా సగం వదిలేస్తారు, మనకి వంట తగ్గుతుంది, కన్నవాళ్లకి పిల్లలు సంతోషంగా ఉన్నట్టు కనిపిస్తారు అంటాడు, చేరిన కొత్తలో ఆవిడకి ఆ మాట గుచ్చుకుంది, తర్వాత గుచ్చుకోవడం మానేసింది, ఏ పని చేసినా ఏదో ఒకటి మింగక తప్పదు కదా, ఇంకో పద్ధతి కూడా ఉంది, సీసాల మీద కంపెనీ బొమ్మ కనపడకూడదు, ప్రతి సీసాకీ ఆ రోజు పుట్టినరోజు పిల్లాడి ఫోటో అచ్చేసిన రంగుకాగితం చుట్టాలి, ఇవాళ ఆకుపచ్చ కాగితం మీద ముందు పళ్లూడిన వాడొకడు ఇకిలిస్తున్నాడు, మరదలు ఇచ్చి పంపిన చక్కెర లేని సీసాకి కూడా అదే కాగితం చుట్టేసింది ఆవిడ, గువ్వ సీసా వేరేగా ఉంటే పక్కపిల్లలు ఇదేమిటి అదేమిటి అని పీక్కుతింటారు, అదీ అంతే నలుపు, అంతే ఎత్తు, తేడా తెలియడానికి గువ్వ జడకున్న నీలం రబ్బరు బ్యాండు తీసి ఆ సీసా మెడకి తొడిగింది, మరదలు ఫోన్లో మూడుసార్లు చెప్పింది, ఒక్క కేకు ముక్కకి సరిపడా సూది వేసి పంపాను వదినా, ఆ బాటిల్లోది ఎంత తాగినా ఫరవాలేదు, మిగిలినవి మాత్రం చుక్క కూడా వద్దు, అయిదింటికి నేనొచ్చేస్తా, సరేనమ్మా సరే, నేనేమన్నా నిన్నా మొన్నా పుట్టానా, అని ఆవిడ నవ్వింది కూడా, మొదటి వరస పోయడం అయింది, సగం సగం సీసాలు బల్లమీద మిగిలాయి, అరకొర సీసాలు ఫోటోల్లో పడితే ఓనరు ఒంటికాలి మీద లేస్తాడు, అవన్నీ ఎత్తుకుని వెనక గదిలో సింకు దగ్గరికి వెళ్లింది, ఒకదాంట్లోది ఇంకొకదాంట్లోకి, దాన్ని నింపి బిగించి పక్కన పెట్టడం, ఖాళీది నలిపి గోనెలో వెయ్యడం, మళ్లీ ఇంకొకటి, ఈ కలిపేసే పనికి కళ్లు అక్కర్లేదు, చేతులకే తెలుసు, ఆదివారానికి ఇంట్లో తన గది కిటికీకి తెర కొనాలి, మధ్యాహ్నం ఎండ సరిగ్గా మంచం మీదే పడుతుంది, గువ్వకి నిద్ర పట్టదు, పసుపురంగు తెర బాగుంటుందా, లేక దాన్నే తీసుకెళ్లి నీకేది కావాలో చూడవే అంటే సరిపోతుందా, బజారంతా తిప్పించి చివరికి మొదట చూసిందే కొనిపిస్తుంది ఆ రాక్షసి, బయట ఎవరో రెండో వరస అని కేకేశారు, నిండు సీసాలు ట్రేలో పెట్టుకుని వెళ్లింది.

అత్తా దాహం, అంటూ గువ్వ రెండో గ్లాసు చాపింది, నీలం బ్యాండు సీసా వెతికి పోసింది, గటగటా తాగేసి మూతి తుడుచుకుని ఆవిడ కళ్లలోకి చూసి ఒక నవ్వు నవ్వింది, అబ్బ, ఆ నవ్వుకి ఆస్తులు రాసివ్వొచ్చు, ఉంటే, కేకు కోశారు, పాట పాడారు, కుర్చీల చుట్టూ పరుగులు పెట్టారు, అత్తా ఇంకోటి, మూడోది పోసింది, తర్వాత నాలుగోది, ఈ పిల్లకి ఎవరో ఒకరు అడ్డం పడకుండా అడిగిందల్లా పోసి పుణ్యం కట్టుకోవాలి కదా అనుకుంటూ పోసింది, ఇంకో గంటకి మళ్లీ దాహం అంటుంటే పరుగులెత్తిందిగా పాపం అనుకుని అయిదోదీ పోసింది, గువ్వ కుర్చీ పక్కన ఎప్పుడో ఒలికి ఆరిపోయిన మరక మీద ఆవిడ కాలు పడింది, చెప్పు నేలని పట్టుకుని చర్రుమంటూ ఊడివచ్చింది, మామూలే, పార్టీ అయ్యాక హాలంతా ఇలాగే ఉంటుంది, వేడినీళ్లతో రెండుసార్లు తుడిస్తే గానీ వదలదు, చక్కెరంటే అంతే, రెండడుగులు వేసి ఆగిపోయింది, ఆ కుర్చీ పక్కన ఒలికింది గువ్వ గ్లాసు, తనే చూసింది, చక్కెర లేనిది ఒలికితే అంటుకోదు, నీళ్లలా ఆరిపోతుంది, పదకొండేళ్లు ఈ నేల తుడిచినదానికి ఆ మాత్రం తెలియదా.

కాదు, ఇంకెవరిదో అయి ఉంటుంది, ఆ బూరెబుగ్గల పిల్లాడు రెండుసార్లు ఒలకబోశాడుగా, వాడిదే, నీలం బ్యాండు సీసా ఎత్తి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుంది, బొటనవేలితో రుద్దింది, రుద్దుతూ ఉండగానే వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, నాలిక మీద పెట్టుకుంది, పై ప్రాణాలు పైనే పోయాయి, సింకు దగ్గర బొటనవేలికి ఏదో మెత్తగా తగిలింది, ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ బ్యాండే, తగిలింది, తగిలినా చెయ్యి ఆగలేదు, సగం ఖాళీగా ఉన్న సీసా కనపడింది, నింపింది, అంతే, కిటికీ తెర పసుపుదా ఇంకో రంగుదా అని ఆలోచిస్తూ, తను చేతులారా, దేవుడా, నాలుగు గ్లాసులు, దాహం దాహం అంటుంటే మళ్లీ మళ్లీ అదే పోసింది, ఆ దాహమెందుకో ఈ ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా తనకి తెలియాలి కదా, రెండేళ్ల క్రితం జబ్బు బయటపడ్డప్పుడు ఇలాగే, బిందెడు నీళ్లు తాగినా దాహం తీరలేదు, బడికి వెళ్లి స్పృహ లేకుండా పడిపోయింది, మూడు రోజులు ఆసుపత్రిలో గాజు తలుపు అవతల గొట్టాల మధ్య పడుకుని ఉంటే మరదలు ఆ తలుపుకి నుదురు ఆనించి నిలబడింది, తిండి లేదు, కూర్చోవడం లేదు, వదినా అది లేస్తే ఇక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వను అంది, ఎవరి చేతికీ ఇవ్వని పిల్లని తన చేతికిచ్చింది, ఆవిడ సీసా తీసుకెళ్లి సింకులో బోర్లించింది, బుసబుసమంటూ పోయింది, ఫోను చెయ్యాలి, ఫోను అల్మారాలో ఉంది, తాళంచెవి ఏప్రాను జేబులో ఉంది, వేళ్లు దొరకబుచ్చుకోలేకపోతున్నాయి, గోడ గడియారం అయిదుకి ఇంకా పది నిమిషాలంటోంది.

చెంబుతో మంచినీళ్లు పట్టుకుని గువ్వ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది, ఇవి తాగమ్మా, కళ్లు తిరుగుతున్నాయా, కడుపులో ఎలా ఉంది, గువ్వ మొహం కొంచెం వాడినట్టుంది, అయినా కళ్లు మెరుస్తున్నాయి, బాగానే ఉన్నానత్తా, దాహమొక్కటే, అంది, ఆ డ్రింకు నీకు వేరేగా అనిపించలేదా తల్లీ, అని అడిగింది, గువ్వ అటూ ఇటూ చూసి ఆవిడ చెవి దగ్గరికి వంగింది, నాకు తెలుసు, రెండో గ్లాసులోనే తెలిసిపోయింది, అందరిదీ నాకూ పోశావని, అమ్మకి నేను చెప్పన్లే, అంది, వెచ్చటి ఊపిరి చెవిలో పడింది, నువ్వొక్కదానివే అత్తా, అంది, కాదే అని ఆవిడ అనబోయేలోగా ఆ పిల్ల ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసేసింది, జిగట చేతులు, ఆవిడ జుట్టుకి అంటుకున్నాయి, ఎనిమిదేళ్ల బతుకులో ఎవరూ ఈ పిల్లని ఇంత సంతోషపెట్టి ఉండరు, ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం ఇలాగే ఉంచి అప్పుడు చెబుదాం అనుకుంది, ఈలోగా తలుపు దగ్గర మరదలు.

మరదలు ముందుగానే వచ్చేసింది, సంచి భుజం మీద నుంచి దించకుండానే కూతురి మొహం చూసింది, మూలనున్న బల్ల దగ్గరికి తీసుకెళ్లి మీటరు తీసింది, వేలు పొడిచి చుక్క రక్తం పెట్టింది, అంకె వచ్చింది, ఉండాల్సినదానికి మూడింతలు, మరదలి పెదవులు తెల్లబడ్డాయి కానీ చేతులు వణకలేదు, ఆ చేతులకి వణికే తీరిక లేదు, సూది తీసింది, మందు ఎక్కించింది, చొక్కా ఎత్తి పొట్టలో గుచ్చింది, అప్పుడు అడిగింది, ఏం తిన్నావే, గువ్వ తల వంచుకుని నా పక్కనమ్మాయి ప్లేట్లోంచి కేకు తీసుకుని తిన్నానమ్మా, రెండు ముక్కలు, అత్త చూడలేదు, అంది, ఒక్క తడబాటు లేకుండా, ఎప్పటినుంచో కూడబలుక్కున్నట్టు, వంచిన తలలోంచే ఆవిడ వైపు ఒక్కసారి చూసి కన్ను కొట్టబోయింది, చేతకాక రెండు కళ్లూ మూసేసింది, మరదలు నిన్ను నమ్మి పంపితే ఇదా చేసేది అంటోంది కూతుర్ని, గువ్వ తిట్లు తింటూ నిబ్బరంగా నిలబడింది, అత్త కోసం, తనూ ఊరుకుంటే సరిపోతుంది, సూది పడింది, సాయంత్రానికి దిగుతుంది, ఇంకో రెండు గంటలు చూస్తారు, తగ్గుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, కానీ రెండు ముక్కల కేకుకి లెక్కకట్టి ఇప్పుడు వేసిన మందే చాలనుకుంటుంది మరదలు, లోపలికి వెళ్లింది నాలుగు గ్లాసుల చక్కెర, లెక్క తప్పు, తప్పు లెక్క మీద ఆ పిల్లని ఇంటికి పంపడం తన వల్ల కాదు, అది కాదమ్మాయ్, అంది ఆవిడ, దాని తప్పేం లేదు, అది కేకు తినలేదు, నేనే, సీసాలు కలిపేటప్పుడు దాని సీసాలో మామూలుది పోసేశాను, చూసుకోలేదు, నాలుగు గ్లాసులు తాగింది, మరదలు ఆవిడ వంక చూసింది, అరవలేదు, అరిస్తే బాగుండును, ఎంతెంత గ్లాసులు వదినా, అని మాత్రం అడిగింది, చూపిస్తే లెక్కకట్టి ఇంకొంచెం మందు ఎక్కించి మళ్లీ గుచ్చింది, ఫరవాలేదు, రోజూ చేసే పని కదా మీకు, చెయ్యి అలవాటు, నాదే బుద్ధితక్కువ, అంది, కోపం లేని గొంతుతో, సంచి సర్దుకుంటూ.

చూసుకోకుండా పోశావా అత్తా, అని అడిగింది గువ్వ, అవునమ్మా అంది ఆవిడ, నాకివ్వాలని కాదా, అంది గువ్వ, ఆవిడ కాదన్నట్టు తల ఊపింది, అప్పుడు గువ్వ మొహంలో ఏదో ఆగిపోయింది, ఏడుపు కాదు, ఏడిస్తే ఎత్తుకుని ఉండేది, మీటరు మీద అంకె చూసేటప్పుడు ఎలా చూస్తుందో ఆవిడని అలా చూసింది, చూసి తనంతట తనే వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుంది, మూడు గంటల పాటు ఆ పిల్ల అందరితోపాటు కూర్చుని అందరూ తాగేదే తాగింది, ఎవరో ఒకరు నీకూ ఉందిలే అని తనని లెక్కలోంచి బయటికి తీశారనుకుంది, అది ఎవరూ ఇచ్చింది కాదని, చూసుకోకుండా ఒలికిందని ఇప్పుడు తెలుసు, చెప్పకపోతే ఒంటికి కీడు, చెబితే ఇది, మూడో దారి ఎక్కడా లేదు, వెనక నుంచి ఓనరు, మళ్లీ అరగంటలో ఇంకో పార్టీ ఉందమ్మా, నేల చూడు, అంటున్నాడు, తలుపు దగ్గర మరదలు గువ్వకి చెప్పులు తొడుగుతోంది, గువ్వ ఇటు తిరగలేదు, ఆదివారాలు దాన్ని ఒక్కదాన్నే ఇక ఎప్పటికీ పంపరు, అది ఎలాగూ తెలిసిందే, కానీ రేపెప్పుడైనా మరదలి మనసు కరిగి వెళ్లవే అన్నా గువ్వ రాదని, రావాలని దానికి అనిపించదని, ఆవిడకి తెలిసింది.