గేటు దాటిన బ్యాండు

ఇశ్రాయేలు పళ్లెంలో అన్నం పెట్టించుకుని గేటు బయట అరుగు మీద కూర్చున్నాడంటే, లోపల అందరి భోజనాలూ అయిపోయినట్టే లెక్క.

ఫలక్‌నుమా స్టేషన్ వెనక మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీని బస్తీవాళ్లు కలిసికట్టుగా కడిగి, సున్నం కొట్టి, పాటలకూ నాటకాలకూ బొమ్మలకూ చోటు చేసుకున్నారు. దానికి పేరేదో పెట్టారు గానీ అందరికీ అది షెడ్డే. అక్కడ జీతం బత్తెం లేకుండా పనిచేసేవాళ్లలో ఇశ్రాయేలు ఒకడు. తివాచీలు పరుస్తాడు, లైట్లు కడతాడు, పిల్లల ముక్కులు కూడా తుడుస్తాడు. లోపల అతని చెయ్యి పడని మూల లేదు. తినడానికి మాత్రం గేటు బయటికే వెళ్తాడు.

ముప్పై అయిదేళ్లు పెళ్లిళ్ల బ్యాండులో ట్రంపెట్ ఊదిన మనిషి మరి. బారాత్, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, పెళ్లి హాలు గేటు చేరగానే బ్యాండు ఆగిపోవాలి. పెళ్లికొడుకు లోపలికి వెళ్తాడు, బ్యాండువాళ్లు గోడవారకి జరుగుతారు. అందరూ తిన్నాక చల్లారిన అన్నం వాళ్ల దగ్గరికి వస్తుంది. డీజేలు వచ్చి బ్యాండును మింగేశాయి గానీ, ఆ అలవాటును మింగలేకపోయాయి.

షెడ్డులో అతనికి ఇద్దరు దోస్తులు దొరికారు. లక్క గాజులు చేసే ఖుద్సియా ఒకరు. ఆవిడ నోరు మంచిది కాదు, మనసు మంచిది. రెండోవాడు షఫీఉద్దీన్. నలభై ఏళ్లు పెళ్లికొడుకులకు షేర్వానీలు కుట్టి, ఇప్పుడు నాటకాల పిల్లలకు రాజుల అంగీలు కుడుతున్న దర్జీ. సాయంత్రం చాయ్ దగ్గర ఈ ముగ్గురూ పోట్లాడుకోకపోతే షెడ్డులో ఎవరికీ తోచదు.

వార్షికోత్సవం వచ్చింది. ఖుద్సియా ఎవరినీ అడగకుండానే కార్యక్రమాల జాబితాలో ఇశ్రాయేలు పేరు రాయించేసింది. మొదటిరోజు అతను మురిసిపోయి ట్రంపెట్‌ను చింతపండుతో తళతళలాడేలా తోమాడు. రెండోరోజు నుంచి భయం పట్టుకుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అతను నాలుగు గోడల మధ్య ఊదలేదు. ఈ వయసులో దొరికిన దోస్తుల ముందు పరువు పోతే మళ్లీ షెడ్డు మొహం ఎలా చూడడం?

భయపడ్డట్టే అయింది. ఆదివారం మధ్యాహ్నం, వందమంది ముందు, స్టేజీ మీద నిలబడి ట్రంపెట్ పెదవులకు ఆనించాడు. గాలి వచ్చింది, పాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్లీ గాలే. తల దించుకుని స్టేజీ దిగి, తిన్నగా గేటు బయటికి పోయాడు. దోస్తులిద్దరూ వెనకాలే పరుగెత్తారు.

"ఏమైందన్నా?" అంది ఖుద్సియా.

"లోపల వస్తలేదు ఆపా. ఇన్నేండ్లు గేటు కాడ్నే ఆపిన. మీ ఇజ్జత్ తీసిన. రేపటి సంది నేను రాను."

ఖుద్సియా ఊరుకుంటుందా!

"లోపల రాకుంటే బయట ఊదు! గీ మాత్రానికి గింత లొల్లి ఎందుకు?" అని లోపలికి పోయి కేక పెట్టింది. "లేవుండ్రి, లేవుండ్రి! బారాత్ రోడ్డు మీదున్నది!"

జనమంతా గల్లీలోకి వచ్చిపడ్డారు. బారాత్ అంటే పెళ్లికొడుకు ఉండాలి కదా. ఖుద్సియా గుమ్మానికున్న బంతిపూల దండ తెంపి షఫీఉద్దీన్ నుదుటికి, పెళ్లికొడుకు మొహం మీద వేలాడే సెహ్రాలా కట్టింది. డెబ్బై ఏళ్ల పెళ్లికొడుకును జామకాయల బండి ఎక్కించారు. అతని బేగం అక్కడే ఉంది. "తీస్కపోండ్రి, మళ్ల తేకుండ్రి!" అంది.

ఇశ్రాయేలుకు నవ్వాగలేదు. ఆ నవ్వుకే పెదవులు వదులయ్యాయి. ట్రంపెట్ ఎత్తగానే గల్లీ అదిరిపోయింది. మిద్దెల మీదికి ఆడవాళ్లు వచ్చారు, పిల్లలు ఎగిరారు, జామకాయలాయన కూడా బండి వదిలేసి రెండు స్టెప్పులు వేశాడు. అలా గల్లీ చుట్టి షెడ్డు గేటు దాకా వచ్చారు. అక్కడ పాట టక్కున ఆగిపోయింది. ఇశ్రాయేలు ట్రంపెట్ దించి, తనకు తెలియకుండానే గోడవారకి జరిగాడు.

షఫీఉద్దీన్ చేతులు కట్టుకుని బండి మీదే కూర్చున్నాడు. "నేను దిగ," అన్నాడు.

"దూల్హా అలిగిండు!" అంది ఖుద్సియా. "ఏం గావాలె మియా? గడియారమా?"

"గడియారం వద్దు, ఉంగరం వద్దు. బ్యాండు నా ముందర లోపలికి నడవాలె. మంది దూల్హాలకు షేర్వానీలు కుట్టి కుట్టి ఇయ్యాల మళ్ల దూల్హానైన. నా మాట నడవదా ఇశ్రాయేలు భాయ్?"

అందరూ అతనివైపే చూస్తున్నారు. తివాచీలు మోస్తూ ఆ గేటును అతను వెయ్యిసార్లు దాటి ఉంటాడు. ట్రంపెట్ మోగిస్తూ మాత్రం ఎప్పుడూ దాటలేదు. గుండెనిండా గాలి పీల్చి, పాట ఆపిన చోటే ఎత్తుకుని, అడుగు లోపలికి వేశాడు. రేకుల కప్పుకు తగిలి పాట రెండింతలై మోగింది. పట్టలేనంత సంతోషం వేసింది అతనికి.

పాట అయ్యాక భోజనాలకు నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. పెళ్లికొడుకు పక్కనే ఇశ్రాయేలును కూర్చోబెట్టి, బగారా అన్నం, దాల్చా వడ్డించారు. అతను అలవాటు కొద్దీ పళ్లెం పట్టుకుని లేవబోయాడు. అటునుంచి షఫీఉద్దీన్, ఇటునుంచి ఖుద్సియా చొక్కా పట్టి లాగారు. కూలబడి, ఎప్పటిలాగే పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"అబ్బబ్బా!"

"ఏమైందన్నా?"

కాలిన నాలుక బయటపెట్టి, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ అడిగాడు ఇశ్రాయేలు. "పెండ్లన్నం గింత వేడిగుంటదా ఆపా?"

"ఉంటదన్నా," అని ఖుద్సియా ఇంకో గరిటె అతని పళ్లెంలో వేసింది.