నీటి కింద పన్నెండు రోజులు

2006 ఆగస్టు వరదకి మురుగు కాలువ వెనక్కి తన్ని, ఆలమూరు దిగువనున్న ఒక చిన్న ఊరి వరిచేలన్నీ మునిగిపోయాయి. నాట్లు వేసి అప్పటికి రెండు వారాలైనా కాలేదు.

ఏడో రోజున వ్యవసాయాధికారి శ్రీవాణి ఆ ఊరికి వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. గట్టు మీద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు, భర్త పోయాక తనే దగ్గరుండి సేద్యం చేయించుకుంటున్న కాంతమ్మ. రెండో మనిషి, ఆమె చేనుకి దిగువన ఎకరన్నర కౌలుకి చేస్తున్న దొరబాబు.

శ్రీవాణి చీర ఎత్తి దోపుకుని, దొరబాబు చేలో గట్టు పక్కన మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. ఒక దుబ్బు పీకి మొదలు గోటితో చీల్చింది. లోపల తెల్లగా, గట్టిగా ఉంది.

దొరబాబు అందుకుని వాసన చూశాడు. “ఇదేంటండీ మేడం గారూ, కల్లు వాసనొస్తంది. కుళ్లిపోయిందాండీ?”

“లేదండీ. ప్రాణం ఉంది కాబట్టే ఆ వాసన. నీళ్ల కింద మొక్కకి గాలి అందదు కదా. అప్పుడు దానిలోని కణాలు, దాచుకున్న చక్కెరని కల్లు పులిసినట్టు పులియబెట్టుకుంటాయి. ఆ వచ్చే కాస్త శక్తితోనే బతుకుతాయి. నీళ్లు తీస్తే మళ్లీ చిగురేస్తుంది.”

“ఆయ్” అన్నాడు దొరబాబు. వారం రోజులుగా వాడిపోయి ఉన్న అతని ముఖంలో కాస్త కళ వచ్చింది.

ఆ మధ్యాహ్నమే పంచాయతీ ఆఫీసు దగ్గరికి విత్తనాల లారీ వచ్చింది. చేను పోయినవాళ్లు మళ్లీ నారు పోసుకోవడానికి. దొరబాబు భార్య భూలక్ష్మి, “ఎందుకైనా మంచిది, ఓ బస్తా తీసుకోవయ్యా” అంది. దొరబాబు వెళ్లి శ్రీవాణినే అడిగాడు.

“మీకు అక్కర్లేదండీ. నిజంగా పోయినవాళ్లకి రానివ్వండి” అంది ఆమె. సాయంత్రానికి లారీ ఖాళీ అయింది.

మర్నాడు కాంతమ్మ చేలో నీళ్లు తీశాయి. దొరబాబు చేలో తియ్యలేదు. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయి నీటికి అడ్డుపడింది. మొగుడూ పెళ్లాం పీకల్లోతు నీళ్లలో నిలబడి మూడు రోజులు దాన్ని లాగి గట్టున పడేశారు. పన్నెండో రోజుకి నేల కనిపించింది. వరి బురదకి అంటుకుపోయి ఉంది. పట్టుకుంటే మొదళ్లు మెత్తగా జారిపోయాయి. ఇప్పుడు వస్తున్నది కల్లు వాసన కాదు, మురుగు కంపు.

కబురు విని శ్రీవాణి వచ్చింది.

“బతుకుద్దన్నారు కదండీ” అంది భూలక్ష్మి. “మీ మాట మీదే విత్తనాలొదిలేసేం.”

దొరబాబు భార్యని ఆగమన్నాడు. “మేడం గారూ, ఇద్దరం ఒకే నారు, ఒకే రోజు నాటేం. కాంతమ్మ గారి చేను నిలబడింది. నాదెందుకు పోయిందండీ?” ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

“గాలి ఉంటే ఆ చక్కెర చాలా రోజులొస్తుందండీ. గాలి లేనప్పుడు అదే చక్కెర నుంచి పదో వంతు శక్తి కూడా రాదు. అందుకని దాచుకున్నదంతా గబగబా అయిపోతుంది. కాంతమ్మ గారి చేలో ఎనిమిది రోజులు ఓర్చుకుంది. మీ చేలో పన్నెండు రోజులు ఓర్చుకోలేకపోయింది.”

“అంటే తిండి అయిపోయి చచ్చిపోయిందాండీ.”

“అవునండీ.”

శ్రీవాణి అక్కడితో ఆపేస్తే తప్పంతా వరద మీదికి పోయేది. ఆమె ఆపలేదు.

“ఇంకోటి కూడా చెప్పాలి. ఆ రోజు నేను గట్టు పక్క దుబ్బు ఒక్కటే చూశాను. నడిమి చేను బాగా లోతు. అక్కడికి దిగలేదు. మీ నీళ్లు ఎప్పుడు తీస్తాయో కూడా అడగలేదు. తప్పు నాదండీ.”

భూలక్ష్మి ముఖం తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. దొరబాబు గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చేను వైపే చూశాడు.

శ్రీవాణి నారు కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. ఎక్కడా గుప్పెడు మిగల్లేదు. రెండు వారాలు పోయాక కాంతమ్మ చేలో దుబ్బులు మొదళ్ల నుంచి కొత్త పిలకలు వేశాయి. దొరబాబు చేలో నాటడానికి కొన్ని పిలకలు ఇమ్మని శ్రీవాణి ఆమె ఇంటికి వెళ్లి అడిగింది.

“పిలకలు తీసిస్తే నాకు పంట తగ్గదా అమ్మా?”

“కొంత తగ్గుతుందండీ. తగ్గదని చెప్పలేను.”

“నా చేను మూరెడు ఎత్తులో ఉంది, అంతే కదా. అందులో నా గొప్పేముంది? తీసుకోమను” అంది కాంతమ్మ.

మూడు రోజులు పిలకలు విడదీసి నాటారు. శ్రీవాణి కూడా నాటింది. ఆమె వేసిన వరసలు వంకరగా వచ్చాయి, పక్కనున్న కూలీలు సర్దుకుంటూ వచ్చారు. భూలక్ష్మి చేనుకి అవతలి కొసన వంగి నాటుతూనే ఉంది, తలెత్తలేదు. పిలకలు ఎకరానికే సరిపోయాయి. మిగతా అరెకరం ఆ ఏడాది బీడుగానే ఉండిపోయింది.

డిసెంబరు చివర్లో, ఊరందరి కోతలూ అయిపోయాక, దొరబాబు ఆఫీసుకి వచ్చాడు.

“కోసేం అండీ. మామూలు పంటలో సగం పైనే వచ్చింది. కాంతమ్మ గారికి ఓ రెండు బస్తాలు తగ్గేయంట.”

“భూలక్ష్మి గారు ఎలా ఉన్నారండీ?”

అతను కండువా సర్దుకున్నాడు. “దానికింకా కోపంగానే ఉందండీ.”

“ఉండనివ్వండి” అంది శ్రీవాణి.