నాలుగు పేజీలూ చదివిన నాగక్క

ఆంజప్పకు మాటంటే మాటే. గొర్రెను కొన్నా, అమ్మినా, ఎదుటివాడి అరచేతిలో ఒక్కసారి చెయ్యి చరిచాడంటే ఇక ఆ బేరం తిరగదు. హోసూరు దగ్గర శూలగిరి చుట్టుపక్కల గొర్రెలు కాసే ఇళ్లన్నింటా అదే పద్ధతి. వాళ్లలో కాగితం అడగడమంటే ఎదుటి మనిషిని దొంగ అనడమే! అటువంటి మనిషి 1994 ఎండాకాలంలో, పెళ్లాం వంటిల్లు పగలగొట్టి కొత్తగా కట్టడానికి కన్నడ సరిహద్దులోని జూజువాడి నుంచి వచ్చిన కాంట్రాక్టర్ అనంతకుమార్ చేతిలో చెయ్యి చరచబోతుంటే, నాగక్క మధ్యలో దూరింది.

"ఆగు మామా. కాయితం రాసుకొందాము."

ఆంజప్ప మొహం కందగడ్డలా అయింది. మేనమామే మొగుడు గనక నాగక్కకు చనువు ఎక్కువే. అయినా బయటి మనిషి ముందు ఇదేం చోద్యం?

"ఏమే, మనిషిని ఇంటికి పిలిచి నమ్మేది లేదంటావా?"

"నమ్మినాను కాబట్టే పిలిచినాను. కాయితం నాకోసరం."

ఆమె బాధ ఆమెది. ఇరవై రెండేళ్లుగా ఆమె వండుతున్నది కిటికీ కూడా లేని చీకటి కొట్లో. పొగ బయటికి పోవాలంటే మనుషులు తిరిగే వాకిలే దారి. దగ్గు ఎంతకీ తగ్గకపోతే హోసూరు ఆసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది: ఆ పొగలో కూర్చున్నంత కాలం ఏ మందూ పనిచెయ్యదు, ఇట్లాగే ఉంటే ఊపిరికే ముప్పు. అందుకే మందలో సగం అమ్మేశారు. మళ్లీ అంత డబ్బు చేతికి రావడం కల్ల. ఈసారి వంటిల్లు సరిగ్గా కుదరకపోతే ఇక జన్మలో కుదరదు. ఆ సంగతి ఆంజప్పకూ తెలుసు. కానీ మగాడి పరువని ఒకటుంది కదా, అది అడ్డం పడింది.

అనంతకుమార్ మాత్రం నవ్వేశాడు. ఇస్త్రీ చొక్కా, వేలికి స్కూటర్ తాళం, నోట్లో తేనె.

"అదెంత పనక్కా! కృష్ణగిరిలో పత్రాలు రాసే ఆదిశేషయ్య మనకు తెలిసినాయనే. టైపు కొట్టించి పెడతాను. బేస్తవారం వచ్చి ఏలిముద్ర ఏస్తే సరి."

"ఏలిముద్ర కాదప్పా, సంతకం," అంది నాగక్క.

రెండేళ్ల కిందట అక్షరాస్యత ఉద్యమం అరివొళి వాళ్లు పెద్దవాళ్ల కోసమని ఊళ్లో సాయంకాలం బడి పెట్టినప్పుడు ఆమె పలక పట్టుకుని ఒక్కరోజు మానకుండా పోయింది. ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు తమిళం. అయితేనేం, బస్సు బోర్డులు చదివింది, రేషన్ కార్డు చదివింది, ఆఖరికి కిరాణా పొట్లం కట్టిన పేపరు ముక్క కూడా వదిలేది కాదు. ఆంజప్ప కూడా ఆ బడికి ఒక్క రోజు పోయాడు. "గొర్రెలకు తమిళం రాదు, నాకెందుకు?" అని మర్నాటికే మానేశాడు.

బేస్తవారం ముగ్గురూ కృష్ణగిరిలో కలుసుకున్నారు. మామిడికాయల కాలం, బజారంతా మాగిన పండ్ల వాసన. రిజిస్ట్రారు ఆఫీసు పక్కన రేకుల పందిరి కింద ఆదిశేషయ్య, ముక్కు కొసన కళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. బాండు పేపరు మీద తమిళంలో టైపు కొట్టిన నాలుగు పేజీలు ముందుకు తోశాడు. అనంతకుమార్ సంతకం అప్పటికే పడింది. ఆంజప్ప ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా బొటనవేలికి సిరా పూసుకున్నాడు.

"కొంచెం ఉండు మామా," అని నాగక్క బెంచీ మీద తీరిగ్గా కూర్చుని మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

ఇక చూడాలి! ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, తప్పితే వెనక్కి పోతూ, మళ్లీ మొదలు పెడుతూ... అనంతకుమార్ నాలుగుసార్లు గడియారం చూశాడు. వెనకాల వరసలో ఉన్నవాళ్లు సణిగారు. ఆంజప్ప సిరా వేలిని చొక్కాకు తగలకుండా పైకెత్తి పట్టుకునే టీ తాగి వచ్చాడు. ఆమె ఇంకా రెండో పేజీలోనే ఉంది.

"ఏమే, వానలు పడేలోపల అయితాదా?" అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

మూడో పేజీ నడుమ నాగక్క వేలు ఆగిపోయింది. ఆ వరసే మళ్లీ చదివింది. తలెత్తింది.

"మామా, మనము మామిడికాయల మండీ పెడతా ఉండామా?"

"మండీనా? యాడ?"

"ఈడ రాసి ఉండాదే! ముప్పై అడుగుల గొడౌను, లారీ లోపలికి వచ్చేంత గేటు, కాయలు మాగేసేదానికి రెండు రూములు."

"మరి వంటిల్లు?"

"లేదు. కిటికీ లేదు, పొగగొట్టం లేదు. మన పేర్లు మాత్రం బాగా కొట్టినారు."

సణిగినవాళ్లే ముందుగా పకపకా నవ్వారు. ఆదిశేషయ్య కాగితం లాక్కుని చూసి నాలుక కరుచుకున్నాడు. పోయిన వారం ఒక మండీ యజమానికి కొట్టిన పత్రాన్నే పేర్లు మార్చి మళ్లీ కొట్టేశాడు మహానుభావుడు! కానీ నాగక్క నవ్వలేదు. ఆఖరి పేజీ కూడా పట్టుబట్టి చదివింది. ఇందులో రాయని పని ఏదీ తర్వాత అడగకూడదని అక్కడ ఉంది. ఆంజప్పకు ఆ మాట చెప్పింది. అతను సిరా పూసిన తన బొటనవేలు కేసి చూసుకుని, గిర్రున అనంతకుమార్ మీదికి తిరిగాడు.

"ఏమప్పా, మోసమా?"

"అయ్యో, దేవుని తోడు అన్నా, నేను చూడలేదు!"

"చూడకుండానే సంతకం పెట్టినావా?"

అనంతకుమార్ స్కూటర్ తాళం వేలి చుట్టూ తిప్పాడు. "తమిళం మాట్లాడేది వచ్చన్నా. చదివేదానికి రాదు. నేను కన్నడ బళ్లో చదివినాను. ఈ అయ్య యాడ చూపిస్తే ఆడ పెడతాను."

ఇప్పుడు నాగక్క నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"అయితే మీ ఇద్దరూ ఒకటే క్లాసు! నేనిప్పుడు సంతకం పెట్టేస్తే, వంటింటి దుడ్డుకు నాకు గొడౌను కట్టిచ్చేదే కదప్పా? లారీ నేను తెచ్చుకొంటానులే."

"నన్ను ముంచొద్దక్కా!" అని చేతులు జోడించాడు అనంతకుమార్. "నీకేం కావల్నో నీ నోటితోనే చెప్పు. ఆయన కొడతాడు."

ఆమె చెప్పింది. తూర్పు గోడకు కిటికీ కావాలంది. పొయ్యి గట్టు ఎత్తెంతని ఆదిశేషయ్య అడిగితే లేచి నిలబడి నడుము చూపించింది, టేపు పెట్టి కొలిచి రాసుకోవలసి వచ్చింది ఆయనకు. పొగగొట్టం పెంకుల మీద రెండడుగులు లేవాలంది. ఆషాఢం రాకముందే అయిపోవాలంది. "పొయ్యి అంటించి, పొగ ఆ గొట్టంలోనే పోతే, అప్పుడే ఆఖరి కంతు దుడ్డు," అని కూడా రాయించింది. అనంతకుమార్ గడ్డం గోక్కున్నాడు గానీ కాదనలేదు. కొత్త కాగితాన్నీ ఆమె మొదటి నుంచీ చదివింది, ఇంకో గంట. ఈసారి ఆంజప్ప టీకి పోలేదు. పక్కనే కూర్చుని, ఆమె తలూపినప్పుడల్లా శుభ్రంగా ఉన్న వేలితో పేజీ తిప్పాడు.

పని మొదలైంది. మేస్త్రీ పొగగొట్టాన్ని అడుగు లేపి ఆపేస్తే, నాగక్క కాగితం తెచ్చి వేలు పెట్టి చూపించింది. అనంతకుమార్ ఆమె వేలు చూసి, చదవలేని అక్షరాలు చూసి, "ఇంకో అడుగు లేపరా," అని మేస్త్రీ మీద కేక వేశాడు. ఆషాఢానికి వారం ముందే పొయ్యి అంటించారు. ముగ్గురూ వాకిట్లో నిలబడి మెడలు పైకెత్తి చూస్తుంటే, పొగ బుసబుసా గొట్టంలోంచి పైకి లేచింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది అనంతకుమారే. ఆఖరి కంతు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నాగక్క కిటికీ ఎదురుగా నిలబడి సంగటి గెలుకుతోంది. నిలబడి వండడం ఎంత హాయి! కిటికీలోంచి ఎండ చేతుల మీద పడుతోంది. ఎందుకో తిరిగి చూస్తే, ఆంజప్ప గడపలో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. పళ్లు తోమే పుల్ల నోట్లోనే ఉంది.

"ఏమి మామా, అట్ల నిలబడినావు?"

"ఇప్పుడు పాడింది నువ్వేనా?"

"ఊ. ఏమి?"

"పక్కింటి రేడియో అనుకొన్నాను." "ఇరవై రెండేండ్లయె నాగా. నీకు పాట వచ్చునని నాకు తెలీదే."

నాగక్క చేతిలో తెడ్డు ఆగింది.

"నేనే మరిచిపోయినాను మామా. ఆ పొగలో నోరు తెరిస్తే దగ్గే కదా వచ్చేది."

ఆంజప్ప పుల్ల బయట పారేసి, లోపలికి వచ్చి, కొత్త గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఇంకొకటి పాడు," అన్నాడు.

ఆ పొద్దు గొర్రెలు ఎంత అరిచినా, మేతకు పోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.