గేటు ముందర కెమిస్ట్రీ

శుక్రవారంలోగా మంచి కెమిస్ట్రీ పుస్తకం చూపించకపోతే పిల్లలిద్దరినీ తిరుపతిలో హాస్టలున్న బడిలో వేసేస్తానని మా మామ దొరస్వామి తేల్చి చెప్పాడు. చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఆ బడివాళ్లకు ఫోన్ చేసి రెండు సీట్లు పట్టి పెట్టమన్నాడు. దర్జీని పిలిపించి మనవడికి నిక్కరు కొలతలు కూడా తీయించాడు.

చూస్తుండగానే గురువారం వచ్చేసింది.

మా మహిత ఆరో తరగతిలో అలాంటి హాస్టల్లోనే ఒక ఏడాది ఉండి వచ్చింది. వెళ్లేటప్పుడు అది వాగుడుకాయ. వచ్చాక ఏమడిగినా "ఊ", లేకుంటే "ఊహూ". నా బిడ్డ నవ్వడం మరిచిపోయింది. ఆ వేసవిలోనే నేను మొండికేసి దాన్నీ, దాని తమ్ముడు యోగానందనూ ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టాను. బంగారుపాళ్యం పక్కన మామిడితోటలో మా ఇల్లు. వరండానే బడి, నేనే టీచరు. తెలుగు, లెక్కలు, సాంఘికం బాగానే లాక్కొచ్చాను. మహితకు మాటలు తిరిగి వచ్చాయి గానీ, గట్టిగా నవ్వు మాత్రం ఇంకా రాలేదు. ఈలోగా దానికి తొమ్మిదో తరగతి వచ్చింది, నా నెత్తిన కెమిస్ట్రీ వచ్చి కూర్చుంది. కెమిస్ట్రీ అంటే నాకెందుకంత దడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను తెలియనిస్తే కదా!

బొమ్మలుంటే భయం తగ్గుతుందని రెండు బొమ్మల పుస్తకాలు తెప్పించాను. మొదటిది బెంగళూరు నుంచి కొరియర్లో వచ్చింది. పేజీ పేజీ పెళ్లి శుభలేఖలా తళతళలాడుతోంది. మూలకాలన్నిటికీ కళ్లు, ముక్కు, మూతి. మా అత్త మునిలక్ష్మి ఒక బొమ్మ మీద వేలుపెట్టి మురిసిపోయింది.

"ఈ పిల్లోడెవురు మే? బుగ్గలు ఎంత ముద్దుగా ఉండాయో సూడు."

"క్లోరిన్ అత్తా. విషవాయువు."

"అయ్యో, సూస్తే అట్ల లేడే!"

రెండోది తిరుపతిలో ఎవరో రిటైరైన మాస్టారు సొంతంగా అచ్చేసుకున్నది. నలుపూ తెలుపూ. తీరా చూస్తే సగం బొమ్మల చోట ఖాళీ గడులు! నాకు ఒళ్లు మండి అప్పటికప్పుడే ఆయనకు ఫోన్ చేశాను.

"బొమ్మల పుస్తకమని అమ్మి, బొమ్మలు యాడ పెట్టినారు సార్?"

"ఆ గడుల్లో పిల్లోళ్లు వేయాలమ్మా" అన్నాడాయన తాపీగా.

"బొమ్మలూ మేమే వేసుకుంటే ఇంగ మీరెందుకు?" అని పెట్టేశాను. ఆ పుస్తకాన్ని మూలకు విసిరేసి, తళతళల పుస్తకాన్నే ఖాయం చేసుకున్నాను.

గురువారం పొద్దున దాని మొదటి పాఠం తెరిచాను. ఎర్ర క్యాబేజీని ఉడికించి, ఆ నీళ్లలో ఒక్కొక్క ద్రవం కలిపి రంగు మారడం చూడాలట. బంగారుపాళ్యంలో ఎర్ర క్యాబేజీ! మామిడి సీజను కదా, మా ఆయన నరేంద్ర గుజ్జు ఫ్యాక్టరీలోనే కాపురముంటున్నాడు. ఆయనకు ఫోన్ చేస్తే, ఆయన చిత్తూరు మార్కెట్లో తెలిసినవాడికి చేశాడు.

"పచ్చదానికే గిరాకీ లేదు, ఎర్రది ఎవడు పండిస్తాడన్నా అని నవ్వతా ఉండాడు. బీట్‌రూట్ కావాలంటే పంపిస్తాడంట."

"మీరే ఉడకబెట్టుకుని తాగండి" అని విసుక్కున్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అత్త తమలపాకుకు సున్నం రాస్తూ వింటోంది. "నీళ్లు రంగు మారాల, అంతేనా? దానికి క్యాబేజీ ఎందికి మే? పసుపు నీళ్లలో ఇంత సున్నం వేసి దిష్టి తీస్తాం గదా, అది మారేది రంగు కాదా?"

నేను పుస్తకం మూసేసి పసుపు డబ్బా తెచ్చాను.

అత్త చెంబులో పసుపు కలిపి, చిటికెడు సున్నం వేసింది. నీళ్లు ఎర్రగా మారిపోయాయి. ఆ తర్వాత మా వరండాను ఎవరూ ఆపలేకపోయారు. గ్లాసులన్నీ బయటికి వచ్చాయి. సబ్బు నీళ్లు కలిపితే ఎరుపు. బట్టల సోడా కలిపితే ఎరుపు. చింతపండు రసం, మజ్జిగ కలిపితే మార్పు లేదు. యోగానంద ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండాడు. మళ్లీ పసుపు!

"ఓయమ్మో!" అని అత్త రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. "ఇన్నేండ్లుగా దిష్టి తీస్తా ఉండాను, ఇది వెనక్కి గూడా పోతాదని ఎవురూ సెప్పలేదే!"

బకెట్ నిండా ఎర్రనీళ్లు తయారయ్యాక అత్త అలవాటు కొద్దీ కేకేసింది. "అవి ఇంట్లో పారబోయకూడదు. గేటు బయట పోసి రాండి."

వాళ్లు సరిగ్గా గేటు ముందరి బండ మీద పోసి వచ్చారు.

పదింటికి తోటలోంచి తోతాపురి మామిడికాయల లోడుతో ట్రాక్టరు బయల్దేరింది. డ్రైవరు ఆదిమూలం, పక్కన మా మామ. పదకొండుకు ఫ్యాక్టరీ దగ్గర కాయలు దించే టోకెను. గేటు దగ్గరికొచ్చి ట్రాక్టరు గక్కున ఆగిపోయింది.

"అయ్యా, ఎవురో దిష్టి తీసి పోసినారు. చెంబెడు కాదు, బకెట్ పోసినారు. నేను దాటను. నాకు పెండ్లాం బిడ్డలుండారు."

"నేనే పోయించినాలే అప్పా, అది పాఠం!" అని అత్త వరండాలోంచి అరిచింది. పాఠమేమిటో ఆదిమూలానికి అర్థమైతే కదా.

"నేను సూసుకుంటా అవ్వా" అని మహిత లేచింది. విరుగుడు దానికి తెలుసు, అప్పుడే నేర్చుకుంది. రెండు చేతుల్లో రెండు నిమ్మచెక్కలు పట్టుకుని, విరబోసుకున్న తలతో పరుగెత్తి వెళ్లి, ఎర్రనీళ్ల ముందు గొంతుక్కూర్చుని, ట్రాక్టరు వైపు చూస్తూ పిండడం మొదలుపెట్టింది.

ఎర్రనీళ్లు చాలవన్నట్టు పైన నిమ్మకాయలు! ఆదిమూలం "నాయనోయ్!" అని ఒక్క దూకు దూకి తోటలో పడ్డాడు. మనవలకు సైన్సు కావాలని పట్టుబట్టిన మా మామ రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

అది చూసి మహిత నవ్వింది. మామూలు నవ్వు కాదు. బండ మీద కూలబడి, కడుపు పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వింది. రెండేళ్లుగా నేను ఎదురుచూస్తున్న నవ్వు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ ఆగలేదు.

చివరికి యోగానంద వెళ్లి ఆదిమూలాన్ని మామిడిచెట్టు వెనకనుంచి పట్టుకొచ్చి, చేతిలో గ్లాసు పెట్టాడు. ఆదిమూలం దేవుడికి దండం పెట్టుకుని సున్నం వేశాడు. ఎరుపు. నిమ్మకాయ పిండాడు. పసుపు. గ్లాసును వెలుతురుకెత్తి చూశాడు.

"ఇంగోసారి సేస్తా" అన్నాడు.

అలా నాలుగుసార్లు చేశాడు. ఈలోగా పదకొండు దాటిపోయింది. టోకెను మాట ఎవరూ ఎత్తలేదు. మామ కిందికి దిగి, పంచె సర్దుకుని, గొంతు పెద్దది చేశాడు.

"అంతా బాగుండాది. ఎందికి ఎర్రగా అయితాది? అది సెప్పండి."

"తెలీదు తాతా" అంది మహిత.

"మీ అమ్మకు?"

అందరూ నా వైపు తిరిగారు. సీట్లు ఖాయం, నిక్కరు ఖాయం అనుకున్నాను. ఇంక దాచి ఏం లాభం?

"నాకూ తెలీదు మామా. ఇంటర్లో నేను కెమిస్ట్రీ తప్పినాను. రెండుసార్లు. పెండ్లిచూపుల్లో మా నాయన పాసని చెప్పినాడు."

మామ నాకు రెండు చేతులూ జోడించాడు. "ఇంత నిజం కాణిపాకంలో ప్రమాణం సేసేటోళ్లు గూడా సెప్పరమ్మా" అన్నాడు.

"నేనూ పెండ్లిలో సెప్పినట్ల ఏడో తరగతి కాదు. నాలుగు తప్పినాను" అంది అత్త, ఇదే అదనని.

ఆ మాటకు మామ బండ మీద కూర్చుండిపోయాడు.

నేను లోపలికి పరుగెత్తి రెండు పుస్తకాలూ తెచ్చాను. తళతళల పుస్తకంలో క్యాబేజీ తప్ప పసుపు ఊసే లేదు. నేను మూలకు విసిరేసినదాంట్లో ఉంది. మహిత గట్టిగా చదివింది. పసుపులో ఒక పదార్థముంది. సున్నం, సబ్బు, సోడా లాంటి క్షారం తగిలితే అది ఎర్రబడుతుంది. నిమ్మరసం లాంటి ఆమ్లం పడితే తిరిగి పసుపవుతుంది. కింద ఖాళీ గడి. 'దీన్ని నువ్వు ఎక్కడ చూశావో బొమ్మ వెయ్యి' అని ఉంది.

మహిత అక్కడే పెన్సిలు తీసి ట్రాక్టరు గీసింది, దానిమీంచి దూకుతున్న ఆదిమూలాన్ని గీసింది. ఆదిమూలం తొంగి చూసి, "నేనంత లావుగా ఉండానా పాపా?" అని నొచ్చుకున్నాడు.

"ఇదే పుస్తకం మామా" అన్నాను. నా గొంతులో దడ లేదు. "నేనూ పిల్లలతోబాటు మొదటినుంచి చదువుతాను."

మామ ఏదో చెప్పబోతుండగా ఆయన జేబులో ఫోన్ మోగింది. తిరుపతి బడివాళ్లు.

"ఆ, దొరస్వామినే సార్. రేపా? ఒక సంగతుండాది సార్. సదవాల్సినోళ్లు ఇద్దరనుకుంటిమి, ఈడ సూస్తే ఆరుమంది తేలినాం. మా కోడలు, నా పెండ్లాం, నేను, ట్రాక్టరు డ్రైవరు గూడా. అందరికీ సీట్లుండాయా మీ హాస్టల్లో? లేవా? అట్లయితే మా పిల్లోళ్లు గూడా రారు సార్."

ఫోన్ జేబులో వేసుకుని ఆదిమూలం చేతిలోని గ్లాసు లాక్కున్నాడు.

"ఆ సున్నం ఇట్లియ్యండ్రా" అన్నాడు. "ఈసారి నా వంతు."