ఒకే ట్రేలో రెండు సీసాలు

“మీకు తెలుసు! ఎనిమిది నెలల కిందటే తెలుసు! తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు!”

హెడ్ నర్సు అరుపుకి గదిలో టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఊళ్లోని అయిదు ఆసుపత్రులవాళ్లు, ఎవరూ హుకుం జారీ చేయకుండానే, తమ పొరపాట్లు ఒకరికొకరు చెప్పుకుందామని కలిసిన మొదటి రోజది. ముందుగా నోరు విప్పింది ఆమే. సోమవారం తన వార్డులో ఓ వడ్రంగి పోయాడు. అతని నరానికి పెట్టిన సూది గొట్టం కడగడానికి శుద్ధమైన నీళ్ల సీసా తీయబోయి, చిన్న నర్సు పక్కనున్న పొటాషియం సీసా తీసింది. సెలైన్లో కలిపి చుక్కచుక్కగా ఎక్కించాల్సిన మందు నేరుగా నరంలోకి పోయింది. గుండె ఆగింది. రెండు సీసాలదీ ఒకే ఎత్తు, ఒకే రంగు మూత. చేతికందుతాయని రెండింటినీ ఒకే ట్రేలో పెట్టించింది హెడ్ నర్సే. ఆ సంగతీ దాచుకోలేదు.

అప్పుడే ఎదుటి ఆసుపత్రి మందుల గది పెద్దాయన గొణిగాడు: “మా దగ్గరా అయిందమ్మా, ఎనిమిది నెలలవుతోంది. అదృష్టం, మనిషి బతికాడు. మర్నాడే పొటాషియం అంతా వార్డుల్లోంచి తీసేసి తాళం వేశాం.”

దానికే ఆమె అరిచింది. ఎదుటి ఆసుపత్రి! మధ్యలో ఒక్క రోడ్డు. రోజూ ఆమె బస్సు దిగేది ఆ గేటు ముందే.

“ఒక్క ముక్క చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా బాబాయ్?”

“పేరు పోతుందన్నారు తల్లీ, మా పైవాళ్లు.”

“పేరా? వడ్రంగి పెళ్లాన్ని పిలుస్తా, ఆవిడకి చెప్పండి మీ పేరు గొడవ!”

సమావేశం పెట్టిన పెద్ద డాక్టరు చేతులు నలుపుకున్నాడు. “శాంతించమ్మా. ఇలాంటివి వెంటనే చెప్పుకోవాలని వచ్చే నెల ఓ కాగితం రాసుకుందాం. ఇది స్వచ్ఛందం, ఎవర్నీ బలవంతపెట్టలేం.”

“ఆ మనిషి స్వచ్ఛందంగా చచ్చాడా డాక్టరుగారూ?”

ఆమె మిగిలిన మూడు ఆసుపత్రులవాళ్ల వైపు తిరిగింది. “మీ వార్డుల్లో ఆ సీసాలు ఇప్పుడెక్కడున్నాయి?”

ఒకాయన తల దించుకున్నాడు. ఇంకొకాయనకి తెలియనే తెలియదు. మూడో ఆవిడ అంది, “ట్రేలోనే అక్కా... నీళ్ల పక్కనే.”

హెడ్ నర్సు వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

“కాగితం సంగతి తర్వాత. ఫోన్లు తీయండి. ముగ్గురూ మీ వార్డులకి చెయ్యండి, ఇప్పుడే, నా ముందే. ప్రతి ట్రేలోంచీ పొటాషియం తీయించండి, తాళం వేయించండి. వేశామన్న మాట నా చెవిన పడేదాకా ఈ తలుపు తియ్యను!”