ఆగని కంపైలర్

తోడికోడళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో కూడా పనిచేస్తే కాపురం రెండు షిఫ్టుల్లో నడుస్తుంది. లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో పెద్దావిడ పన్నెండేళ్ళ కిందట సొంతంగా ఒక సి కంపైలర్, అంటే మనుషులు రాసిన ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చే సాధనం, రాసింది. ఇప్పుడు కొత్త రకం మిషన్ వచ్చింది. పెద్దావిడ రాసిన పాత సోర్సును తీసుకుని కొత్త మిషన్‌మీద కంపైలర్‌ను మళ్ళీ కట్టే పని మేనేజరు మొన్న మొన్న చేరిన చిన్నావిడకు అప్పగించాడు. శుక్రవారానికల్లా అది తనను తాను కంపైల్ చేసుకుంటే ఇక ఆ విభాగానికి పెద్ద చిన్నావిడే.

ఆ రోజు నుంచి పెద్దావిడకు తిన్నది ఒంటబట్టడం లేదు.

గురువారం మధ్యాహ్నం చల్లని కబురు అందింది. కొత్త కంపైలర్ మొదటి ఫైలు చదవడం మొదలుపెట్టి, గంటయినా ఆగడం లేదట. వెంటనే టీ కప్పుతో పరామర్శకు బయల్దేరింది.

"పాపం, ఇంకా నడుస్తూనే ఉందా?"

"ఉందక్కా. మీ మరిది ఫోన్ మాట్లాడినట్టే, ముగింపు లేదు."

"ఏం కెలికావో చూసుకో. నా దగ్గర పన్నెండేళ్ళు కిక్కురుమనలేదు."

"చదివే పని చేయించే కోడున్న ఫైలు నేను ముట్టుకోలేదక్కా."

ముట్టుకుందని రుజువు చేద్దామని పెద్దావిడ తన సీట్లో కూర్చుని ఆ ఫైలు తెరిచింది. చదవడం అయిపోతే గుర్తుగా మైనస్ ఒకటి అనే అంకె వస్తుంది. దాన్ని ఒక్క అక్షరం పట్టే చోట పెట్టారు. పాత మిషన్‌లో అది మైనస్‌గానే ఉండేది. కొత్త మిషన్‌కు అక్షరాల్లో మైనస్ లేదు. ముగింపు గుర్తును రెండువందల యాభై ఐదుగా చూసి ముందుకు పోతోంది. ఇలా రాసిన మహాతల్లి ఎవరా అని ఫైలు మొదట్లో చూస్తే, తేదీతో సహా తన పేరే.

ఫైలు మూసేసి, చల్లారిన టీ తాగింది. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున మేనేజరు గదిలో కంపైలర్ బుద్ధిగా ఆగింది. తనను తాను రెండుసార్లు కంపైల్ చేసుకుంది. రెండు ఫలితాలకూ ఒక్క బైటు కూడా తేడా లేదు.

"ఇంతకీ ఎక్కడొచ్చింది చిక్కు?" అన్నాడు మేనేజరు.

మూలన నిలబడ్డ పెద్దావిడ తలుపువైపు ఒక అడుగు వేసింది.

"కొత్త మిషన్ అలవాట్లు వేరు కదండీ. చిన్న సర్దుబాటు," అంది చిన్నావిడ.

బయటికొచ్చాక పెద్దావిడ ఉండబట్టలేకపోయింది. "అన్ని ఫైళ్ళుంటే అదే ఎలా పట్టావు?"

"నిన్న మీరు దాన్ని తెరిచి మూసేశారని సర్వర్‌లో కనబడింది. అయినా వచ్చి నా తప్పు చూపించలేదంటే విషయం అక్కడే ఉన్నట్టు కదా. థాంక్సక్కా."

నలుగురిలో తన పేరు బయటపెట్టి ఉంటే చిన్నావిడను నెలరోజులపాటు హాయిగా తిట్టుకునేది. ఇప్పుడు ఆ సుఖం కూడా లేకుండా చేసింది మహాతల్లి.