చెమట పట్టేదాకా

దూది ఎగురుతోంది.

వాకిట్లో ఎండ పడ్డచోటల్లా దూది. దూదేకే విల్లు నారి మీద కర్ర పడ్డప్పుడల్లా డుంగు... డుంగుమని మోత. మోతకొక తెల్లటి మబ్బు.

పీరు కనుబొమల మీద దూది. మీసాల మీద దూది. గుమ్మంలో కూర్చుని బొంత కుడుతున్న మస్తాన్‌బీ మొగుణ్ణి చూసి నవ్వింది — అప్పుడే ముసలాడివైపోయావయ్యా అని.

ఆమెకు ఏడో నెల.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు అది. ప్రత్తిపాడు చుట్టూ చేలన్నీ విచ్చుకుని, పత్తితీతలు జోరుగా సాగుతున్న రోజులు. తాతలనాటి నుంచీ పీరు ఇంటివాళ్ళు ఊరికి చలి తగలకుండా కాచినవాళ్ళు. పెళ్ళికి పరుపు. ముసలివాళ్ళకు బొంత. పురిటింటికి మెత్తటి దిండు.

ఆ మధ్యాహ్నం మస్తాన్‌బీ చేతిలో సూది వణికింది.

తర్వాత చెయ్యి వణికింది.

తర్వాత మనిషే వణికిపోయింది.

పళ్ళు టకటకలాడే చలి. ఎండలో కూర్చున్న మనిషికి ఎక్కడి చలి?

పీరుకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఒక బొంత కప్పాడు. మీద ఇంకోటి కప్పాడు. ఎవరికో కుట్టిపెట్టిన కొత్త బొంత — అదీ కప్పాడు.

పీరు తల్లి అమీర్‌బీ తలుపులు మూసింది. కిటికీ సందుల్లో గోనెపట్టా కుక్కింది. ఆ వీధి పురుళ్ళన్నిటికీ ఆవిడ మాటే మాట.

"చెమట పట్టేదాకా తియ్యమాక. చెమట పడితే జొరం అదే దిగుద్ది. నీళ్ళు మాత్రం ఇయ్యమాక, సన్నిపాతం కమ్ముద్ది."

చలి పోయింది. మంట వచ్చింది.

చెమట రాలేదు.

"కాలిపోతన్నా... తియ్యవయ్యా."

పీరు తియ్యలేదు.

"గుక్కెడు నీళ్ళు..."

ఇవ్వలేదు.

ఆమె తోసేసిన బొంతను మళ్ళీ కప్పాడు. అంచులు ఒంటి కిందికి దోపాడు, పసిపిల్లకు దోపినట్టు. ఏడుస్తూనే కప్పాడు. ఆమె తోసింది. అతను కప్పాడు. ఆమె తోసే ఓపిక అయిపోయేదాకా... కప్పుతూనే ఉన్నాడు.

తెల్లారాక పక్కింటివాళ్ళు కబురు పెడితే మిషన్ ఆసుపత్రి నర్సు రెబ్కా వచ్చింది. రావడం రావడమే తలుపులు బార్లా తీసింది. ఒక్కో బొంతా తీసి అవతల పడేసింది. కడుపు మీద చెక్క గొట్టం పెట్టి చెవి ఆనించింది.

చాలాసేపు విన్నది.

గొట్టం చోటు మార్చి మళ్ళీ విన్నది.

తడిగుడ్డ తెమ్మంది.

మస్తాన్‌బీ బతికింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది.

ఏడవలేదు పిల్ల.

ముక్కు మస్తాన్‌బీది. వేళ్ళు పీరువి — సన్నగా, పొడుగ్గా. చల్లగా.

తెల్లగుడ్డ చుడుతుంటే పీరు అడ్డం వచ్చాడు. "ఇంకో మడత వెయ్యమ్మా. బయట మంచు పడతంది."

అమీర్‌బీ చేతులు ఆగిపోయాయి.

"దానికిప్పుడు చలెయ్యదు నాయనా" అంది.

అని, ఇంకో మడత వేసింది.

మస్తాన్‌బీ ఎవరినీ తిట్టలేదు. లేచింది, వండింది, వడ్డించింది. ఒక్కసారి మాత్రం, అన్నం పెడుతూ పెడుతూ, గోడవైపు చూసి అంది.

"తియ్యమన్నాగా."

అంతే. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. అంతకంటే ఊళ్ళోవాళ్ళందరి ముందూ చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది పీరుకు.

ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. రెబ్కా బయటికి వచ్చేదాకా కూర్చున్నాడు.

"నా బొంతల వల్లేనా అమ్మగారూ?"

రెబ్కా మెట్టు మీద పక్కనే కూర్చుంది.

"జొరం వల్ల పీరూ. బొంతలు ఆ జొరాన్ని బయటికి పోనియ్యలేదు. ఎంతవరకు ఏది కారణమో, నాకూ తెలవదు. కడుపులో బిడ్డ ఒళ్ళు తల్లి ఒంటికంటే ఓ పిసరు వేడిగానే ఉంటది. ఆ వేడి పోవాలంటే తల్లి ఒంట్లోంచే పోవాలి. దానికి వేరే దారి లేదు."

అప్పుడు అడిగాడు పీరు — మరి ఏం చెయ్యాలి?

ఆమె చెప్పింది. వణుకుతుంటే పల్చటి దుప్పటి ఒక్కటే. మండుతుంటే అదీ వద్దు. చన్నీళ్ళు కాదు, గోరువెచ్చటి నీళ్ళతో మెడ, చంకలు, కాళ్ళు తుడవాలి. గాలి రానివ్వాలి. కొంచెం కొంచెంగా నీళ్ళు, గంజి తాగిస్తూనే ఉండాలి. కడుపుతో ఉన్న మనిషికి జొరమొస్తే తెల్లారనీ అనుకోకూడదు. అప్పుడే తీసుకురావాలి, లేదా నాకు కబురంపాలి. మందు పడాలి.

పీరు పెదాలు కదుపుతూ విన్నాడు, నమాజు నేర్చుకునే పిల్లాడిలాగా.

రెండేళ్ళు గడిచాయి.

మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్నాయి. గాలి నిండా ముక్కు మండించే కోరు. మస్తాన్‌బీకి ఆరో నెల. ఆ గాలికే కాబోలు, దగ్గుతోంది అనుకున్నారు.

తర్వాత వణికింది.

ఈసారి పీరు తలుపులన్నీ తీశాడు. అమీర్‌బీ చెప్పులైనా వేసుకోకుండా రెబ్కా కోసం పరుగెత్తింది, ఆ వయసులో, ఆ ఎండలో.

"చలయ్యా... బొంత కప్పు."

పీరు పల్చటి దుప్పటి కప్పాడు.

"బొంత... నీ కాళ్ళు మొక్కుతా... బొంత..."

గది మూల నిండా బొంతలే. పీరు అటు చూడలేదు. దవడలు బిగించుకుని నీళ్ళు గోరువెచ్చన చేశాడు.

"నీకు జాలి లేదా?"

అప్పుడు తియ్యమంటే తియ్యలేదు. ఇప్పుడు కప్పమంటే కప్పడు. రెండుసార్లూ ఆమె అడిగింది చెయ్యని మనిషి తనే.

మెడ తుడిచాడు. చేతులు తుడిచాడు. పాదాలు తుడిచాడు. నీళ్ళు పెదాలకు ఆనించాడు — ఒక గుక్క, ఇంకో గుక్క... ఆమె తాగింది. ఆ తాగడం చూస్తూ పీరు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఎండ వాలేసరికి నుదుటి మీద చిన్న చెమట బొట్టు. పక్కన ఇంకోటి.

మస్తాన్‌బీ కళ్ళు తెరిచింది. చాలాసేపు పీరును చూసింది. ఆ చూపులో ఏముందో అతనికి అర్థం కాలేదు. తడిసి ముడతలు పడ్డ అతని చెయ్యి పట్టుకుంది. లాగి తన కడుపు మీద పెట్టుకుంది.

"కదుల్తందా?" అని అడిగింది.

పీరు ఊపిరి బిగబట్టాడు.

వీధి మలుపులో బండి గంటలు. రెబ్కా గొంతు. అమీర్‌బీ గొంతు.

"పొద్దున కదిలింది" అంది మస్తాన్‌బీ. "చెయ్యి తియ్యమాక."

తియ్యలేదు.